క్రీడాభిరామంలో ఓరుగల్లు: గోడలూ వాడలూ

వరంగల్ అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది కీర్తితోరణం. రాష్ట్ర చిహ్నంలో ఉన్నదీ అదే, ఊళ్ళ ముఖద్వారాల దగ్గర సిమెంటుతో పోసే నకళ్ళూ అవే. 2024లో చిహ్నం మార్చాలన్న ప్రతిపాదన వచ్చి, కొత్తదాంట్లో తోరణం ఉండదట అనేసరికి వాదోపవాదాలు బాగానే నడిచాయి. ఆ అసలు తోరణాలు నిలబడి ఉన్న రాతికోట లోపల ఇప్పటికీ ఇళ్ళున్నాయనీ, జనం కాపురాలు చేసుకుంటున్నారనీ నేను చదివినంతలో ఎవరూ అనలేదు. రాయి గురించి మాట్లాడుకుని, రాయి పక్కన బతికేవాళ్ళని వదిలేశాం.

ఈ అలవాటు మన సాహిత్య విమర్శలో కూడా ఉంది. ఓరుగల్లు మీద తెలుగులో ఉన్న గొప్ప పుస్తకం క్రీడాభిరామం. దాన్ని మనం కోట కోసం, కాకతీయ వైభవం కోసం చదువుతూ వచ్చాం. నాకైతే అది వాడల పుస్తకం. కోటని అది చూస్తుంది, ఔరా అనుకుంటుంది, దాటి వెళ్ళిపోతుంది. ఊరంటే ఏమిటన్న ప్రశ్నకి ఆ పుస్తకం ఇచ్చే జవాబు గోడల్లో లేదు, నడకలో ఉంది. ఇవాళ వరంగల్ సరిహద్దుల్నీ పేర్లనీ చూస్తుంటే ఆ జవాబు మళ్ళీ పనికొచ్చేలా కనిపిస్తోంది. ఈ వ్యాసం దాని గురించే.

పుస్తకం సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. దాదాపు మూడు వందల పద్యాల రచన ఇది. వినుకొండ వల్లభరాయడి పేరు మీద ఉంది. అందులో శ్రీనాథుడి చేయి ఉందని వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివాళ్ళు వాదించారు, ఆ చర్చ ఇంకా ఉంది. 1909లో మానవల్లి రామకృష్ణకవి దీన్ని మొదటిసారి అచ్చుకి తెచ్చారు. గోవింద మంచనశర్మ అనే బ్రాహ్మడూ, అతని స్నేహితుడు టిట్టిభసెట్టీ తెల్లవారింది మొదలు రాత్రిదాకా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. చూస్తారు, తింటారు, వెటకారాలాడతారు, ఆడవాళ్ళ గురించి మాట్లాడుకుంటారు. కథ అంటూ ఇంతే. అలంకారశాస్త్రం లెక్కలో దీని జాతి 'వీథి', దశరూపకాల్లో ఒకటి. ఒకే అంకం, ఒకటి రెండు పాత్రలు. వీథి అంటే మనకి వీధి కూడా కదా. శాస్త్రం పెట్టిన పేరూ, పుస్తకం చేసే పనీ ఇంత చక్కగా కలిసిన సందర్భాలు తక్కువ.

దీన్ని చదివే పద్ధతులు మనకి ముఖ్యంగా రెండున్నాయి. ఒకటి సురవరం ప్రతాపరెడ్డి గారిది. 1949లో వచ్చిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో కాకతీయుల నాటి బతుకు చెప్పడానికి ఆయన ఈ పుస్తకం మీద బాగా ఆధారపడ్డారు. ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఏ దేవతలకి మొక్కారు అన్నిటికీ పద్యాలు సాక్ష్యాలు. రాజుల పట్టాభిషేకాల చరిత్రకి ఎదురుగా జనం చరిత్ర రాయాలనుకున్న మనిషికి అంతకంటే మంచి ఖజానా దొరకదు. రెండోది వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌లది. 2002లో ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు వాళ్ళు దాని పేరే ప్రేమికుడి వరంగల్ గైడు అన్న అర్థం వచ్చేలా పెట్టారు. అక్కడ నగరం ఒక అనుభవం. చూసేవాడి మనసులోంచి కనపడే ఊరు.

సురవరం గారి పద్ధతికి నేను చాలా రుణపడి ఉన్నాను. కానీ అందులో ఒక చిక్కుంది. కాకతీయ రాజ్యం 1323లో పోయింది. వల్లభరాయడు విజయనగర కాలపు మనిషి. అంటే ఈ తెలుగు రచన వచ్చేసరికి అందులోని ఓరుగల్లు పోయి రెండు మూడు తరాలైంది. పైగా ఇది సొంత కథ కాదు, రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత 'ప్రేమాభిరామం' ఆధారంగా చేసింది. ఆ సంస్కృత మూలం మనకి దొరకలేదు. మా వృత్తి భాషలో చెప్పాలంటే, ఒరిజినల్ రిపాజిటరీ డిలీట్ అయిపోయాక మిగిలిన ఫోర్క్ ఇది. ఏ లైను పాతదో, ఏది తర్వాత చేర్చిందో చెప్పే కమిట్ హిస్టరీ లేదు. అలాంటప్పుడు దీన్ని పదమూడో శతాబ్దపు సీసీ కెమెరా ఫుటేజీలా వాడుకోవడం కష్టం. ఒక ఊరు పడిపోయాక దాన్ని గుర్తుపెట్టుకోవాలనుకున్నవాళ్ళు ఏం గుర్తుపెట్టుకున్నారు? ఆ ప్రశ్న అడిగితే మాత్రం పుస్తకం ధారాళంగా మాట్లాడుతుంది.

ఏం మరిచిపోలేదో తెలియాలంటే ముందు గోడలు చూడాలి. ఓరుగల్లు గుండ్రటి ఊరు. మధ్యలో స్వయంభూ శివాలయం శిథిలాలు, నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. చుట్టూ సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసంతో రాతికోట, దానికి 45 బురుజులు, నాలుగు ద్వారాలు, బయట అగడ్త. దాన్ని చుట్టి దాదాపు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట. ఇంకా బయట మరో మట్టికట్ట ఆనవాళ్ళున్నాయి. జార్జ్ మిచెల్ లాంటి వాస్తు చరిత్రకారులు ఈ ప్లాన్‌ని విశ్వచక్రానికి నమూనాగా చదివారు: నడిమధ్యన దేవుడు, నాలుగు దిక్కులకీ దారులు. శాటిలైట్ మ్యాపు తెరిచి చూడండి, ఆ చక్రం ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. అయితే అది ఆకాశంలోంచి కనపడే ఊరు. దేవుడికీ, రాజుకీ, గూగుల్‌కీ కనపడే ఊరు.

శత్రువుకి కనపడిన ఊరు ఇంకొకటుంది. 1310 నాటి మాలిక్ కాఫూర్ ముట్టడి గురించి అమీర్ ఖుస్రో 'ఖజాయిన్-ఉల్-ఫుతూహ్'లో రాశాడు. ఢిల్లీ సేన ముందు హనుమకొండ గుట్ట పట్టుకుంటుంది, అక్కడి నుంచి చూస్తే ఓరుగల్లు తోటలూ మేడలూ కనిపిస్తాయి. ఆ తర్వాత అతని కలం మట్టిగోడ దగ్గర ఆగిపోతుంది. చూడ్డానికి మట్టే గానీ ఉక్కు బల్లెం కూడా దిగనంత గట్టి అంటాడు. ముట్టడి వేసేవాడికి ఊరంటే గోడ. ఎక్కాలి, పగలగొట్టాలి, లేదా లొంగదీయాలి. లోపల ఏ వాడ ఎక్కడుందో అతనికి అనవసరం.

ఇప్పుడు మంచనశర్మ, టిట్టిభసెట్టిల దగ్గరికి రండి. వాళ్ళు మొదలయ్యేది గోడ బయట. మట్టెవాడ, మేదరవాడ, మోహరివాడ, వెలిపాళెం: ఊరు వాళ్ళకి ఇలా వాడలుగా తెలుసు. మేదరవాడలో బుట్టలల్లేవాళ్ళ పేరుంది. మోహరం అంటే సైన్యపు బారు కాబట్టి మోహరివాడలో సైన్యం వాసన ఉంది. వెలిపాళెం తను వెలుపల ఉన్నానని తనే చెప్పుకుంటోంది. కోట రాకపోదు. పుట్టకోటనీ, దాని అగడ్తనీ చూసి నోరు తెరుస్తారు, అగడ్త పాతాళం దాకా దిగిపోయిందేమో అనిపించే అతిశయోక్తి ఒకటి పడుతుంది. అంతే. మళ్ళీ జనంలో పడిపోతారు. ఖుస్రోకి సర్వస్వమైన మట్టిగోడ వీళ్ళకి ఆ పూట దారిలో తగిలిన అనేక వింతల్లో ఒకటి. పల్నాటి వీరుల కథ పాడే స్త్రీ, ఏకవీర గుడి, మైలారుదేవుడి భక్తుల సాహసాలు, పొట్టేళ్ళ పందెం, పాములాట, వీటి మధ్య కోట కూడా.

తిండి ఘట్టం చూడండి. మధ్యాహ్నం ఆకలేస్తుంది. పూటకూళ్ళ ఇంటికి వెళ్తారు. ఒక రూక ఇస్తే కమ్మటి భోజనం. ఆ చోటుకి గుర్తు ఏమిటి? ఫలానా ద్వారానికి ఎడమ పక్కన అనో, ఫలానా బురుజు ఎదురుగా అనో కాదు. లక్ష్మణవజ్ఝల ఇల్లు. అంతే. ఊరికి కొత్తవాడికైనా అది చాలు, ఎవర్నడిగినా చెప్తారు. తర్వాత ప్రతాపరుద్రుడికి ప్రియమైన మాచల్దేవి ఇల్లు వస్తుంది, అక్కడ చిత్రశాల ప్రవేశం జరుగుతోంది. ఇందులో అడ్రసులన్నీ మనుషులే. రాజు సైతం ఒక వేశ్య ఇంటి గుర్తుల్లో భాగంగా వస్తాడు.

ఇక్కడ ఆగి, ఈ నడకని మరీ నెత్తికెత్తుకోకుండా చూసుకోవాలి. ఎందుకంటే వాడ అనే మాట అంత అమాయకమైనది కాదు. వాడ పేరు చాలాసార్లు కులం పేరు. ఎవరెక్కడ ఉండాలో చెప్పే గీత అది. రాతికోటకైతే నాలుగు ద్వారాలున్నాయి. వెలిపాళేనికి 'వెలి' అన్న మాటే గోడ. పైగా మనకి దారి చూపిస్తున్నది ఒక బ్రాహ్మడూ, ఒక కోమటీ. ఇద్దరూ ఎక్కడికైనా వెళ్ళగలిగినవాళ్ళు. ఎదురైన ప్రతి స్త్రీనీ కులం, దేశం, ఒంటితీరు చెప్పుకుంటూ జాబితా వేసేవాళ్ళు. మేదరవాడ మనిషి అదే రోజు అదే దారిలో నడిస్తే ఏ గుమ్మం దాకా పోగలడు? పూటకూళ్ళ ఇంట్లో ఒక రూక ఇస్తే ఆకు వేస్తారా? పుస్తకం ఆ ప్రశ్న వేసుకోదు. ఓరుగల్లుని తలుచుకుని 'అందరూ కలిసిమెలిసి బతికిన మహానగరం' అని మురిసిపోయేవాళ్ళు క్రీడాభిరామాన్ని సాక్ష్యానికి పిలిస్తే, అది వాళ్ళకి ఎదురు సాక్ష్యం చెబుతుంది.

అయినా ఒక మాట మిగులుతుంది. ఊరిని నడిపింది కేవలం రాజు కాదన్న గ్రహింపు ఈ పుస్తకంలో ఉంది. కాకతీయుల నాటి శాసనాలూ అదే చెప్తాయి. నకరాలు, వర్తక సమయాలు, అష్టాదశ ప్రజలు అన్న మాటలు వాటిలో మళ్ళీ మళ్ళీ వస్తాయి. వర్తకులు కూడి, ఏ సరుకు మీద ఎంత ఇవ్వాలో వాళ్ళే నిర్ణయించి గుడికి రాసిచ్చిన శాసనాలున్నాయి. దాన్ని ఇవాళ్టి మునిసిపాలిటీతో పోల్చడం నాకు నచ్చదు. ఎన్నిక లేదు, ఓటు లేదు, కులం బయటివాడికి చోటు లేదు. కానీ ఊరి వ్యవహారం ఊళ్ళో ఉండేవాళ్ళ పేరుతో, వాళ్ళ గుంపుల పేరుతో నడిచేది. శాసనం రాతి మీద చెప్పిన ఆ సంగతినే క్రీడాభిరామం వీధిలో చూపించింది.

ఇక పేర్ల సంగతి. 1323లో ఉలుగ్ ఖాన్ ఓరుగల్లుని గెలిచి దానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టాడు. రాజ్యాధికారమంతా వెనకాల ఉన్న పేరు. ఇవాళ వరంగల్లో ఎవరినైనా సుల్తాన్‌పూర్‌కి దారి అడిగి చూడండి. పండితులు పెట్టిన పేరు ఏకశిలానగరం, ఓరుగల్లుకి సంస్కృత రూపం. అది కావ్యాల్లో ఉంది, స్కూళ్ళ పేర్లలో, కాలనీల పేర్లలో మిగిలింది. 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనం అనుమకొండ అన్న ఊరు జనం నోట్లో హన్మకొండ అయింది, జిల్లా బోర్డు మీద హనుమకొండ అయింది. మధ్యలో ఒక దేవుడు చేరాడు. ఈ గొడవలేవీ పట్టకుండా మట్టెవాడ మాత్రం మట్టెవాడగానే నిలబడింది. పోలీస్ స్టేషన్ బోర్డు మీద కూడా అదే పేరు. రాజధాని పేరు ఇన్ని చేతులు మారితే, ఒక పేట పేరు మారకపోవడానికి కారణం పెద్ద రహస్యమేం కాదు. దాన్ని మార్చి లాభపడేవాళ్ళు లేరు, దాంతో రోజూ పనిపడేవాళ్ళు చాలామంది ఉన్నారు.

పోయినేడు ఒక శనివారం, పుస్తకం పీడీఎఫ్ ఫోన్లో పెట్టుకుని మట్టెవాడ నుంచి కోట దాకా నడిచాను. చౌరస్తా, స్టేషన్, అండర్ బ్రిడ్జి, శివనగర్ మీదుగా గంట పైనే పట్టింది. మంచనశర్మకి అడ్డం రానిది ఒకటి నాకు అడ్డమొచ్చింది: రైలు పట్టాలు. ఇవాళ్టి వరంగల్‌ని రెండుగా కోసే గీత రాతికోట కాదు, ఆ పట్టాలు. వానొస్తే కిందనుంచి పోవడం ఎంత కష్టమో అక్కడివాళ్ళే చెప్పారు. మట్టికోట దాటాక రాతికోట ద్వారం. అది తిన్నగా ఉండదు, శత్రువు ఏనుగులు ఒక్క ఊపున దూసుకురాకుండా మలుపులు పెట్టి కట్టారు. ఇప్పుడు ఆటోలు హారన్ కొట్టుకుంటూ ఆ మలుపులు తిరుగుతాయి. లోపల టీ తాగుతూ పక్కనున్న పెద్దాయన్ని "మీదిక్కడేనా?" అని అడిగితే, "మాది పడమర కోట" అన్నాడు. తూర్పు కోట, మధ్య కోట, పడమర కోట. లోపల ఉండేవాళ్ళు కోటని ఇలా పంచుకుని పిలుస్తారు. కోట వాళ్ళకి పర్యాటక స్థలం కాదు, పేట. మన చిహ్నంలోని తోరణం ఆయనకి, ఇంటికి పోయేటప్పుడు ఎటు మళ్ళాలో చెప్పే గుర్తు.

ఇక సర్కారు కాగితాల్లోని ఊరు. 2015లో చుట్టుపక్కల గ్రామాలు కలిపి గ్రేటర్ వరంగల్ అయింది. 2021 ఎన్నికల నాటికి 66 డివిజన్లు. 2016లో పాత వరంగల్ జిల్లాని ఐదు ముక్కలు చేసినప్పుడు వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ వచ్చాయి. 2021లో అర్బన్ పేరు హనుమకొండ, రూరల్ పేరు వరంగల్ అయ్యాయి. కోట ఉన్న మండలం పేరు ఖిలా వరంగల్, అది వరంగల్ జిల్లాలోకి వచ్చింది. అంటే ఒకే కార్పొరేషన్ రెండు జిల్లాల్లో కాళ్ళు పెట్టుకుని నిలబడింది. కుళాయి నీళ్ళకి ఒక ఆఫీసు, భూమి కాగితానికి ఇంకో ఆఫీసు. కోట లోపలివాళ్ళకి వీటికి తోడు మూడో ఆఫీసు, పురావస్తు శాఖ. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. కట్టడాన్ని కాపాడ్డానికి ఆ నియమం అవసరమే, కాదనను. కానీ కొడుక్కి పెళ్ళయి ఇంకో గది వేసుకోవాలనుకున్న మనిషికి ఎదురయ్యే గోడ ఏది? ప్రతాపరుద్రుడి గోడ దాటడం సులువు, అందులోంచి రోడ్డుంది. ఈ 100 మీటర్ల గోడ కంటికి కనపడదు, దానికి ద్వారాలూ లేవు.

ఇదంతా సాహిత్య విమర్శకి ఎందుకు అని ఎవరైనా అడగొచ్చు. పద్యాన్ని పద్యంగా చదవక, కార్పొరేషన్ డివిజన్లు ఇందులోకి తెస్తావేమిటని. అది న్యాయమైన అభ్యంతరమే. క్రీడాభిరామం అందం దాని వెటకారంలో ఉంది, సీసం నడకలో ఉంది, ఉన్నట్టుండి బూతు దాకా వెళ్ళి తిరిగొచ్చే చొరవలో ఉంది. వాటిని డేటాగా మారిస్తే మిగిలేది ఎక్సెల్ షీటే. నేననేది వేరు. ఆ చొరవ ఎక్కడి నుంచి వచ్చిందో చూడమంటున్నాను. గుళ్ళోనో, కొలువులోనో కూచుని మాట్లాడేవాళ్ళు అలా మాట్లాడలేరు. వీధిలో, వాడ మారిన కొద్దీ మాట మారుతుంది. గుడి ముందు ఒక గొంతు, పూటకూళ్ళ ఇంట్లో ఒకటి, మాచల్దేవి గుమ్మంలో ఇంకొకటి. ఈ పుస్తకంలో శైలి చోటుని బట్టి నడుస్తుంది. కాబట్టి ఆ చోట్లని పట్టించుకోకుండా శైలి గురించి మాట్లాడితే సగమే మాట్లాడినట్టు. మనం విడిగా తీసి మెచ్చుకునే ప్రసిద్ధ పద్యాలకి జరిగింది అదే. వీధిలోంచి తెచ్చి అద్దాల బీరువాలో పెట్టాం.

మానవల్లి వారు తాళపత్రాల్లోంచి దీన్ని బయటికి తెచ్చి నూటపదేళ్ళు దాటింది. పదాలకి అర్థాలు చెప్పేవాళ్ళు వచ్చారు, కర్తృత్వం తేల్చేవాళ్ళు వచ్చారు, చరిత్ర తవ్వేవాళ్ళు వచ్చారు. నేను చదవాలనుకునే తర్వాతి ప్రతిలో పద్యం పక్కన ఒక మ్యాపుండాలి. మట్టెవాడ ఎక్కడుంది, అక్కడి నుంచి పుట్టకోట ఎంత దూరం, ఏ వాడ పేరు పోయింది, ఏది మిగిలింది, పోయినచోట ఇప్పుడేముంది. దాని తయారీలో పండితులతో పాటు పడమర కోట, మధ్య కోట మనుషులూ ఉండాలి. మేదరవాడ ఎటువైపు ఉండేదో వాళ్ళ తాతలు ఏదో ఒకటి చెప్పే ఉంటారు. అది నిజమా కాదా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. మంచనశర్మ అడగకుండా దాటిపోయిన గుమ్మాల దగ్గర ఆగడానికి మనకి అదొక్కటే దారి.